ఆర్ఫాకి మిగిలిన నిమిషం

గార్లండ్ టైరీ చేతిలోని పెన్నుతో బల్ల మీద రెండుసార్లు తట్టాడు.

ఆ చప్పుడు ముందు వరసలోవాళ్ళకి కూడా విని ఉండదు. గది చివర, తలుపు పక్కన, మైకుల పెట్టె ముందు కూర్చున్న వెల్డన్ నాఫ్‌కి మాత్రం తెలిసింది. కౌంటీ భవనం బాగోగులు చూసే ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ బోర్డు సమావేశాలకి ఆ పెట్టె దగ్గర కూర్చునేది అతనే. అధ్యక్షుడు గార్లండ్ కాలరు వదులు చేసుకుంటే గదిలో చల్లదనం పెంచాలి. కనుబొమలెగరేస్తే వెనక తలుపు వెయ్యాలి. పెన్నుతో రెండుసార్లు తడితే మీట లాగి, మాట్లాడుతున్న మనిషి మైకు కట్టెయ్యాలి. ఈ చివరిది తాగొచ్చి బూతులు లంకించుకునేవాళ్ళ కోసం పెట్టుకున్న సైగ.

ఆ మంగళవారం సాయంత్రం ఎవరూ తాగి రాలేదు. మైకు ముందు నిలబడ్డది ఆర్ఫా ఐకెన్‌బెరీ. ఎనభై దాటిన మనిషి. నెరిసిన జుట్టు మీద తెల్లటి వల టోపీ, కాళ్ళకి ఆవుల కొట్టంలో వేసుకునే రబ్బరు బూట్లు. మాడ్రీ కౌంటీలో యాభై దాటినవాళ్ళలో సగం మంది ఆమె నడిపిన స్కూలు బస్సెక్కి చదువుకున్నవాళ్ళే. వెల్డనూ అంతే. పైగా ఇద్దరిదీ ఒకటే క్రైస్తవ సంఘం, పైన్‌లిక్ బ్రెదరెన్. అందులో అతను డీకను, అంటే పాస్టరుకి సాయంగా సంఘం పనులు చూసే పెద్ద.

గది కిక్కిరిసి ఉంది. బోర్డు సభ్యులు కూర్చునే కుర్చీల వెనక గోడ మీద, డాలరు నోటు మీద ఉండే మాటే, 'దేవునియందే మా నమ్మకం' అని ఇత్తడి అక్షరాల్లో పెట్టించాలని తీర్మానం. పక్క కౌంటీలన్నీ పెట్టేశాయి, మనమే వెనకబడ్డామని నెల రోజులుగా ఊరంతా ఒకటే మాట. వచ్చినవాళ్ళందరూ చొక్కాలకి ఆ మాట రాసిన బిళ్ళలు తగిలించుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు లేచి అవునన్నారు, చప్పట్లు కొట్టించుకున్నారు. అప్పుడు లేచింది ఆర్ఫా.

"నేను దేవుణ్ణి నమ్ముతాను," అంది. "అనుమానముంటే మా ఆవుల్నడగండి. రోజూ తెల్లారకుండానే నా ప్రార్థన వినలేక చస్తున్నాయి."

జనం నవ్వారు. గార్లండ్ కూడా నవ్వాడు.

"నమ్ముతాను కాబట్టే వద్దంటున్నాను. ఆయన్ని మన గోడకి మేకులు కొట్టి వేలాడదీయకండి. ఆ పని ఒకసారి చేశాం, చాలు."

నవ్వులు టక్కున ఆగిపోయాయి. ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది. ఆర్ఫా కంగారుపడలేదు. ఆమె ఎదురుగా పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. మాట్లాడేవాళ్ళకి తలా మూడు నిమిషాలు, పచ్చ దీపం ఉన్నంతసేపూ ఆ సమయం వాళ్ళది, పసుపు వస్తే ముగించుకోవాలి, ఎర్రది వస్తే కూర్చోవాలి. అది బోర్డు పెట్టిన రూలే.

"ఇంకొక్క మాట. మా నాన్నని ఇదే గదిలో, ఆ గోడ ముందే నిలబెట్టి..."

పెన్ను రెండుసార్లు తట్టింది. వెల్డన్ చెయ్యి మీటని కిందికి లాగింది.

లాగాలా వద్దా అని అతను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. ఆర్ఫా పెదాలు కదులుతున్నాయి. మాట మాత్రం రెండో వరస దాటి రావడం లేదు. ముందు వరసలో ఎవరో పాట ఎత్తుకున్నారు, దేవుడి పాటే. మిగతావాళ్ళు లేచి నిలబడి అందుకున్నారు. ఆ పాట మధ్య ఆమె మాట్లాడుతూనే ఉంది. పసుపు వచ్చింది, ఎర్రది వచ్చింది. అప్పుడు తలూపి, వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

పాట అయ్యాక గార్లండ్ నవ్వుతూ అన్నాడు. "క్షమించాలి ఆర్ఫా గారూ, మైకు మొరాయించినట్టుంది. ముసలిదైపోయింది. వెల్డన్, రేపు దాని సంగతి చూడు."

అందరూ వెనక్కి తిరిగి వెల్డన్‌ని చూశారు.

"అలాగేనండి," అన్నాడు వెల్డన్.

తీర్మానానికి బోర్డులో అయిదుగురి చేతులూ లేచాయి.

జనం బయటికి వెళ్తుంటే ఆర్ఫా పెట్టె దగ్గర ఆగింది. వెల్డన్ వైర్లు చుడుతున్నట్టు తల దించుకున్నాడు.

"పోనీలే, బాధపడకు. యంత్రమన్నాక మొరాయించదూ? నా మోకాళ్ళు రోజూ అదే పని చేస్తాయి," అని అతని భుజం తట్టి వెళ్ళిపోయింది.

తేలు కుట్టిన దొంగకి నొప్పి ఒక్కటే బాధ కాదు, అరవకుండా ఉండటం అసలు బాధ. వెల్డన్ వైర్లు చుట్టడం పూర్తిచేసి, దీపాలన్నీ ఆర్పి, తలుపు తాళం వేసి ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున ఆ మైకుని స్టాండు నుంచి విప్పాడు. విప్పాల్సిన అవసరం లేదని అతనికి తెలుసు. అయినా మూత తీసి, లోపలి జాలీ మీది దుమ్ము మెత్తటి బ్రష్షుతో దులిపి, వైరు చివర్లు ఒకసారి గట్టిగా బిగించి మళ్ళీ పెట్టాడు. మీట పైకి లేపి మైకు ముందు గొంతు సవరించుకున్నాడు. ఖాళీ గదిలో ఆ సవరింపు గోడగోడకీ తగిలి వచ్చింది.

"పనిచెయ్యట్లేదు కదూ?" అన్నాడు గార్లండ్, తలుపు దగ్గర నిలబడి. చేతిలో రెండు కాఫీ కప్పులున్నాయి. ఒకటి వెల్డన్‌కి.

"పనిచేస్తోందండి."

గార్లండ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. చెడ్డవాడంటే ఎవరూ నమ్మరు, వెల్డనూ నమ్మడు. నిరుడు వెల్డన్ భార్య లొరీన్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు తన తోటలోని టమాటాలు బుట్ట నిండా పట్టుకొచ్చి, మంచం పక్కన గంటసేపు కూర్చున్న మనిషి.

"పనిచెయ్యట్లేదు, వెల్డన్," అన్నాడు మెల్లిగా. "నిన్న అందరి ముందూ చెడిపోయిందిగా. కొత్తది తెప్పిస్తున్నా. అది పారెయ్."

"మంచి మైకండీ. ఇంకో పదేళ్ళు..."

"పెద్దావిడ ఆ మేకుల మాట అన్నప్పుడు జనం మొహాలు నువ్వు చూడలేదు, వెనక కూర్చున్నావు. ఇంకో నిమిషం మాట్లాడి ఉంటే ఎవడో ఒకడు ఆవిడ మీద నోరు పారేసుకునేవాడు. మనం ఆవిడ పరువే కాపాడాం." కాఫీ ఓ గుక్క తాగాడు. "లొరీన్ ఎలా ఉంది? ఆ సూదులు పనిచేస్తున్నాయా?"

"చేస్తున్నాయండి. ఇప్పుడు గిన్నె పట్టుకోగలుగుతోంది."

"మన కౌంటీ ఇన్సూరెన్సు మంచిది. బయట ఎవడిస్తాడు అంత ఖరీదు మందు?"

ఆ మాటలో బెదిరింపు వెతికితే దొరకదు. గార్లండ్ మనసులోనూ ఉండి ఉండదు. వెల్డన్ తన కాఫీ కప్పు అందుకున్నాడు.

"అక్షరాలు శుక్రవారానికి వస్తాయి," అన్నాడు గార్లండ్ లేస్తూ. "సోమవారం అందరం ఫొటో తీయించుకుందాం. పెట్టే పని నీకే ఇవ్వమని నేనే అన్నాను. కంట్రాక్టరు ఎందుకు, మన దగ్గర డీకనున్నాడు, దేవుడి పేరు డీకను చేత్తో పెడితే ఇంకేం కావాలి అన్నాను."

ప్రార్థన చేసేటప్పుడు గదిలోకి వెళ్ళి తలుపేసుకొమ్మని ప్రభువు చెప్పాడని, ఆ మాటని గట్టిగా పట్టుకున్న సంఘం తమదని, కోర్టులో ప్రమాణం చెయ్యమన్నా దేవుడి పేరెత్తకుండా 'అవును, నిజమే చెప్తాను' అని ఊరుకునే వంశాలు తమవని, గార్లండ్‌కి చెప్పచ్చు. చెప్తే విని, మంచిదేనయ్యా, నిచ్చెన ఎక్కడ పెడతావు అంటాడు. వెల్డన్ కాఫీ తాగి కప్పు చెత్తబుట్టలో వేశాడు. మైకు వెయ్యలేదు. భోజనం డబ్బాలో, తాగేసిన ఫ్లాస్కు పక్కన పెట్టి మూత వేశాడు.

బ్రెదరెన్ వాళ్ళకి ఏడాదికోసారి ప్రేమవిందు. ఒకరి కాళ్ళు ఒకరు కడిగి, ఒకే గిన్నెలో మాంసం పులుసూ రొట్టె తిని, ఆ తర్వాత ప్రభువు బల్ల దగ్గర యేసు పేరిట రొట్టె, ద్రాక్షరసం పంచుకుంటారు. కానీ ఎవరి మీదైనా మనసులో కసి పెట్టుకుని ఆ బల్ల దగ్గర కూర్చోకూడదు. అందుకని విందుకి ముందు డీకన్లు భార్యలతో కలిసి ఇల్లిల్లూ తిరిగి ఒక ప్రశ్న అడుగుతారు. చాలా సంఘాలు ఆ పద్ధతి మానేశాయి. పైన్‌లిక్ వాళ్ళు మానలేదు.

గురువారం సాయంత్రం వెల్డనూ లొరీనూ వెళ్ళిన చివరి ఇల్లు ఆర్ఫాది. వంటింటి బల్ల మీద రెండు బుట్టల ఆపిల్స్. ఆమె తొక్క తీస్తోంది. తొక్క తెగకుండా ఒకటే తాడులా దిగి ఒడిలోని గిన్నెలో పడుతోంది. లొరీన్ కూడా ఓ కత్తి అందుకుంది. కీళ్ళవాతంతో ఉబ్బిన వేళ్ళు. ఒక ఆపిల్ పూర్తయ్యేసరికి తొక్క ముక్కలు ముక్కలైంది, కాయలో సగం దానితోనే పోయింది.

"నువ్వు తొక్క తీస్తే తినేది పందులే," అంది ఆర్ఫా. లొరీన్ నవ్వింది.

వెల్డన్ టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు. ఏటేటా అడిగే మాటే. మిగతా ఇళ్ళలో గొంతు బాగానే పలికింది.

"సిస్టర్ ఆర్ఫా, విశ్వాసంలో నిలిచే ఉన్నారా? మీకు తెలిసినంతవరకు సంఘంతోనూ, అందరితోనూ సమాధానంగా, మనసులో ఏ కసీ లేకుండా ఉన్నారా?"

ఏటేటా అతను అడిగీ అడగకముందే ఆమె 'ఉన్నాను, కాఫీ తాగుతారా' అనేది. ఈసారి తొక్క తీస్తూనే ఉంది. ఆ కాయ పూర్తిచేసి, ముక్కలు కోసి, గింజలు తీసేసింది.

"లేను," అంది.

లొరీన్ కత్తి ఆగింది.

"గార్లండ్ టైరీ మీద కోపం పోవట్లేదు, వెల్డన్. మైకు పోయింది, పోనీ. యంత్రం. కానీ నా గొంతు ఆగిపోతే ఆ మనిషి 'ఉండండి, మళ్ళీ చెప్పండి' అనచ్చుగా? అనలేదు. చేతులు కట్టుకుని చూశాడు. వాళ్ళేమో పాట అందుకున్నారు. నా బస్సులో ముక్కులు తుడిపించుకున్న వెధవలు, దేవుడి పాట తీసి నా మొహాన కొట్టారు." కత్తి గిన్నె అంచున పెట్టింది. "పాలు పితుకుతుంటే కూడా అదే గుర్తొస్తోంది. నిన్న గట్టిగా పిండానేమో, ఆవు తన్నింది. మోకాలు వాచింది చూడు."

"పోనీ పాస్టరు గారితో చెప్పి..." అంది లొరీన్.

"ఆయనేం చేస్తాడు? కోపం నాది. ఇంత కోపం పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుని రొట్టె తింటే అది నాకు అరగదు. ఆదివారం వస్తాను, వెనక బెంచీ మీద కూర్చుని చూస్తాను. నాకు పద్నాలుగేళ్ళప్పుడు బాప్తిస్మమిచ్చారు. బల్లకి దూరంగా కూర్చోవడం ఇదే మొదలు."

వెల్డన్ నోరు తెరిచాడు. "మైకు..." అన్నాడు.

"మైకు సంగతి వదిలెయ్ అన్నానా? నీ తప్పేముంది?"

అతని కళ్ళు లొరీన్ చేతుల మీదికి పోయాయి. ఆమె కత్తి కింద పెట్టి వేళ్ళు ఒక్కొక్కటే సాగదీసుకుంటోంది. తెరిచిన నోరు తెరిచినట్టే కాసేపుండి మూతపడింది.

ప్రశ్న అడిగించుకున్నవాళ్ళు డీకన్లని తిరిగి అదే అడగడం అక్కడి మర్యాద. "మరి మీ ఇద్దరూ? సమాధానంగానే ఉన్నారా?" అంది ఆర్ఫా.

"ఉన్నాం," అంది లొరీన్, ఇద్దరి తరఫునా, కొంచెం తొందరగా.

ట్రక్కు మట్టిరోడ్డు దాటి తారురోడ్డెక్కింది.

"మైకు చెడలేదు, కదూ?" అంది లొరీన్.

వెల్డన్ రోడ్డు వైపే చూస్తున్నాడు.

"ఇన్నేళ్ళలో నీ చేతిలో ఉన్న వస్తువు చెడిపోగా నేను చూళ్ళేదు. మా అమ్మ ఇచ్చిన టోస్టరు ఇంకా రొట్టె కాలుస్తోంది."

"గార్లండ్ పెన్ను తట్టాడు. నేను మీట లాగాను."

"పచ్చ దీపం ఉండగానా?"

"ఉండగానే."

లొరీన్ కిటికీలోంచి బయటికి చూసింది. కోసేసిన మొక్కజొన్న చేలు, ఒకదాని తర్వాత ఒకటి.

"చెప్పావంటే నిన్ను తీసేస్తారు," అంది. "మొహం మీద తీసెయ్యరు. ఇంకో ఆరు నెలలకి, ఇంకేదో వంక పెట్టి. నాకు ఆ సూదులు ఆగిపోతే ఏమవుతుందో నీకు తెలుసు. నిరుడు నా జుట్టు నువ్వే దువ్వేవాడివి."

"తెలుసు."

"సిగ్గుగానే ఉంది చెప్పడానికి. అయినా చెప్తున్నా. నోరు మూసుకో వెల్డన్. ఇంకో రెండేళ్ళు. నీకు పెన్షనొచ్చేదాకా."

"రెండేళ్ళూ ఆవిడ వెనక బెంచీ మీదే కూర్చోవాలా?"

అడకత్తెరలో పోకచెక్కకి ఏ వైపు కదిలినా కత్తే. ఇంటికెళ్ళాక ఆమె సూప్ వేడి చేసింది, ఇద్దరూ తిన్నారు, వెల్డన్ గిన్నెలు కడిగాడు.

శుక్రవారం అక్షరాలు వచ్చాయి. ఒక్కొక్కటీ జానెడు ఎత్తు, మెత్తటి కాగితంలో చుట్టి, చెక్కపెట్టెలో. వెల్డన్ ముందు గోడంతా గుడ్డతో తుడిచాడు. అక్షరాల అచ్చు గీసిన పొడుగాటి కాగితం గోడకి అంటించి, వరస తిన్నగా ఉందో లేదో రసమట్టం బద్ద పెట్టి చూసి, ఒక కొస వెంట్రుకవాసి దించి, మళ్ళీ చూశాడు. కాగితం మీద చుక్క పెట్టిన ప్రతిచోటా సన్నటి బరమతో రంధ్రం చేశాడు. అది పాత గోడ, పెచ్చు లేస్తుంది, అందుకని చుక్క చుక్కకీ ముందు టేపు ముక్క వేసి, బరమని చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. సున్నం పొడి మొహాన రాలింది. రంధ్రాల్లో జిగురు నింపి, అక్షరాల వెనకున్న ఇనుప పుల్లల్ని అందులోకి నొక్కి, జిగురు పట్టేదాకా ఒక్కో అక్షరాన్నీ రెండరచేతులతో అదిమి పట్టుకుని నిలబడ్డాడు.

అలా నిలబడ్డప్పుడు చేసేదేమీ ఉండదు. మొహం గోడకి బెత్తెడు దూరంలో ఉంటుంది. ఆయన్ని మన గోడకి మేకులు కొట్టి వేలాడదీయకండి. ఆ మాటని పక్కకి నెడితే దాని వెనక ఇంకో మాట వచ్చింది. మా నాన్నని ఇదే గదిలో, ఆ గోడ ముందే నిలబెట్టి. నిలబెట్టి ఏం చేశారు? ఆ గదిలో అంతమంది ఉన్నారు, ఏం చేశారో ఒక్కడికీ తెలియదు. తెలియకుండా చేసింది ఈ చెయ్యే. చెయ్యి తియ్యడానికి లేదు, జిగురింకా పట్టలేదు.

పని పాడుచెయ్యచ్చు. ఒక అక్షరం ఒరిగేలా పెట్టచ్చు. అతని చేతులకి ఆ విద్య రాదు. మధ్యాహ్నానికి అక్షరాలన్నీ కిటికీ వెలుగుకి మెరుస్తూ, దారం పట్టి గీసినట్టు నిలబడ్డాయి. గార్లండ్ వచ్చి చూసి ఈలవేశాడు.

"నేను చెప్పలా? డీకను చెయ్యి," అన్నాడు. కొత్త మైకు అప్పటికే స్టాండు మీద ఉంది, నల్లగా, కొంగమెడలా వంగి.

ఆదివారం సాయంత్రం పైన్‌లిక్ మందిరమంతా మాంసం పులుసు వాసన. బెంచీలు తిప్పి బల్లలు చేశారు. ఒక వైపు మగవాళ్ళు, ఒక వైపు ఆడవాళ్ళు. బల్లల చివర రేకు బేసిన్లలో గోరువెచ్చటి నీళ్ళు, మడత పెట్టిన పొడుగాటి తువాళ్ళు. వెల్డన్ మధ్యాహ్నమే వచ్చి పులుసు కాచే పనిలో సాయపడ్డాడు, నీళ్ళు తోడాడు. ఆర్ఫా వచ్చింది. తెల్ల టోపీ, ఇస్త్రీ చేసిన నల్ల గౌను, ఒక కాలు కొద్దిగా ఈడుస్తూ. ఆడవాళ్ళు పక్కకి జరిగి చోటిచ్చారు. ఆమె వాళ్ళందరికీ చెయ్యూపి, తిన్నగా వెళ్ళి వెనక గోడకి ఆనించిన బెంచీ మీద కూర్చుంది. అక్కడ కూర్చునేది బాప్తిస్మం కానివాళ్ళూ, చూసిపోదామని వచ్చిన చుట్టాలూ. ఆ రోజు ఎవరూ లేరు, ఆమె ఒక్కతే.

ముందుగా డీకన్లు లేచి తాము ఇల్లిల్లూ తిరిగిన సంగతి సంఘానికి చెప్పాలి. అది రెండు ముక్కల్లో అయిపోయే తంతు. మొదటి డీకను లేచాడు, మా వైపు అందరూ సమాధానంగా ఉన్నారు అని కూర్చున్నాడు. పాస్టరు కార్ల్ వెల్డన్ వైపు చూసి తలూపాడు.

వెల్డన్ లేచాడు. లొరీన్ ఆడవాళ్ళ బల్ల దగ్గరనుంచి అతన్నే చూస్తోంది. అతను ఆమె వైపు చూడలేదు, చూస్తే కూర్చుండిపోతాడు.

"మా వైపు రెండిళ్ళు సమాధానంగా లేవు," అన్నాడు.

పాస్టరు కార్ల్ కళ్ళజోడు తీశాడు.

"ఒకటి సిస్టర్ ఆర్ఫా ఇల్లు. ఆమె నిజం చెప్పి వెనక కూర్చుంది. రెండోది మా ఇల్లు. మేం ఉన్నామని అబద్ధం చెప్పాం." బేసిన్ల మీదనుంచి ఆవిరి లేస్తోంది. "మంగళవారం కౌంటీ ఆఫీసులో మైకు చెడలేదు. నేనే ఆపాను. ఆపమని సైగ చేశారు, ఆపాను. ఆమె పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. తర్వాత చెడిపోయిందంటే ఊరుకున్నాను. నేనిక్కడ ఎవరి కాళ్ళూ కడగలేను."

గార్లండ్ భార్య చెల్లెలు మూడో బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఇంక ఈ మాట గార్లండ్‌కి చేరడానికి తెల్లవారక్కర్లేదు, బల్లలెత్తే లోపే చేరుతుంది. వెల్డన్ తువాలు మడిచి బల్ల మీద పెట్టి, అందరి మధ్య నుంచి నడిచి వెళ్ళి వెనక బెంచీ రెండో చివర కూర్చున్నాడు.

పాస్టరు కార్ల్ కళ్ళజోడు పెట్టుకుని వాక్యం చదవడం మొదలుపెట్టాడు. బేసిన్లు కదిలాయి.

ఆర్ఫా ముందు వైపే చూస్తోంది. మెడ మీద ఎర్రగా పొక్కినట్టు రంగెక్కింది.

"అయిదు రోజులు," అంది, గొంతు తగ్గించి. "అయిదు రోజులు నీ మైకు మీద జాలిపడ్డాను."

"అవును."

"నీ భుజం తట్టాను."

"తట్టారు."

"నా బస్సులో అయితే మిల్లు మలుపు దగ్గర దింపేసి నడిచి పొమ్మనేదాన్ని. వర్షంలో."

"ఒకసారి దింపారు, సిస్టర్."

"చాల్లేదు." చేతులు ఒడిలో గట్టిగా పట్టుకుంది. "గార్లండ్ మీద కోపానికే అరగట్లేదు, ఇప్పుడు నీది కూడా మింగాలి. వాడు పెన్ను తట్టాడు, సరే. చెయ్యి నీదిగా?"

"నాదే," అన్నాడు వెల్డన్. ఇంకేం చెప్పినా అది తప్పించుకోవడమే అవుతుంది.

బెంచీ కిర్రుమంది. లొరీన్. ఆడవాళ్ళ బల్ల వదిలి వచ్చేసింది. కాళ్ళకి బూట్లు లేవు, కడిగించుకోవడానికని విప్పినవి అక్కడే వదిలేసి వచ్చింది. ఇద్దరి మధ్యా ఉన్న ఖాళీలో కూర్చుంది.

"ఊరుకోమన్నది నేను," అంది ఆర్ఫాతో. "ఉన్నాం అన్నదీ నేనే. నీ వంటింట్లో కూర్చుని." తర్వాత మొగుడి వైపు తిరగకుండానే, "నిన్ను తర్వాత చంపుతా," అంది. వెల్డన్ ఆమె చేతిని అందుకున్నాడు. ఉబ్బిన వేళ్ళు, వేడిగా ఉన్నాయి. ఆమె లాక్కోలేదు.

అవతల మగవాళ్ళు ఒకరి ముందు ఒకరు మోకాళ్ళూనుతున్నారు. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"సిస్టర్," అన్నాడు వెల్డన్. "మీ నాన్నని ఆ గోడ ముందు నిలబెట్టి ఏం చేశారు?"

ఆర్ఫా వాచిన మోకాలు అరచేత్తో రుద్దుకుంది. చెప్పదేమో అనుకున్నాడు.

"యుద్ధం రోజులు," అంది చివరికి. "సైన్యానికి పిలుపొచ్చింది. రానన్నాడు. ఆ గదిలో ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని ఎందుకు రావని అడిగారు. 'దేవుణ్ణి నమ్మాను, మనిషిని చంపలేను' అన్నాడు. వాళ్ళకి నవ్వొచ్చింది. ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాడు. గుమాస్తాల్ని కూడా పిలిచి, వాళ్ళ ముందు మళ్ళీ చెప్పమన్నారు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు. అన్నిసార్లూ చెప్పాడు. తర్వాత కొండల్లో రోడ్లు వేసే క్యాంపుకి తోలారు. తిరిగొచ్చాక పన్ను కట్టడానికి కూడా ఆ గదిలోకి వెళ్ళేవాడు కాదు, మా అమ్మ వెళ్ళేది."

భుజాల మీది శాలువా సర్దుకుంది.

"ఇదంతా ఎవర్నీ దెప్పడానికి కాదు. దేవుణ్ణి నమ్ముతానని ఆ గదిలో ఒక మనిషి ఒకసారి నిజంగా అన్నాడు, అన్నందుకు ఏం జరిగిందో మీరు తెలుసుకోండి, ఆ తర్వాత మీ ఇష్టం, గోడ మీద ఏం రాసుకుంటారో రాసుకోండి. అంతే అన్నాను. విన్నందుకు థాంక్స్ అని కూడా అన్నాను, ఎవరూ వినకపోయినా."

వెల్డన్‌కి అరచేతుల్లో ఇత్తడి చల్లదనం తగిలింది. ఒక్కో అక్షరాన్నీ ఎంతసేపు అదిమి పట్టుకున్నాడో చేతులకి గుర్తుంది. అవి ఇంక ఊడవు. అతను పెట్టినవి ఊడవు.

అవతల పులుసు గిన్నెలు దించుతున్నారు. నలుగురేసి ఒక గిన్నెలో రొట్టె ముంచుకుంటున్నారు. వెనక బెంచీకి వాసన మాత్రం వస్తోంది.

"ఆ మైకు పారేశావా?" అంది ఆర్ఫా.

"లేదు. ట్రక్కులో ఉంది, భోజనం డబ్బాలో."

"పనిచేస్తుందా?"

"బ్రహ్మాండంగా."

"రేపు పొద్దున దాని చోట దాన్ని పెట్టెయ్. వచ్చే సమావేశానికి మళ్ళీ పేరిస్తాను. ఇదే చెప్తాను, మొదట్నుంచీ."

"అప్పటికి పెట్టె దగ్గర నేనుంటానో లేదో సిస్టర్. ఇంకొకరిని కూర్చోబెడతారేమో."

"కూర్చోబెట్టనీ. ముందు వరసలో కూర్చో," అంది. "నా మాట వినపడనివాళ్ళకి నువ్వు వినిపిద్దువుగాని. నీ గొంతు పెద్దదేగా. బస్సులో నా చెవులు చిల్లులు పడేవి."

అతను తలూపాడు. ఆమె మొహంలో కోపం ఇంకా ఉంది, అది అంత తొందరగా పోదు. లొరీన్ కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. చెక్కనేల చల్లగా ఉన్నట్టుంది. ఆర్ఫా అది చూసి, తన భుజాల మీది ఉన్ని శాలువా తీసి, వంగలేక వంగి, లొరీన్ పాదాల మీద కప్పింది.